ఫ్లోరిడా నుంచి ఇంటికి పడవలో: ఆక్వా మ్యాప్ మాకు ఎంత పనికొచ్చిందంటే

ఫ్లోరిడాలోని స్టువర్ట్‌లో ఒక పాత డీజిల్ ట్రాలర్ (నెమ్మదిగా పోయే, లోపల ఉండటానికి వీలున్న మోటారు పడవ) కొని, వర్జీనియాలోని చెసపీక్‌లో ఉన్న మా ఇంటికి నీళ్ల మీదే తెచ్చుకున్నాం. దారంతా అట్లాంటిక్ ఇంట్రాకోస్టల్ వాటర్‌వే. నార్ఫోక్ నుంచి మయామీ దాకా దాదాపు 1,090 మైళ్లు. చాలా వరకు సముద్రంలోకి వెళ్లక్కర్లేకుండా, తీరం వెనకాలే నదుల్ని, కాలువల్ని, ఉప్పుటేరుల్ని కలుపుకుంటూ పోతుంది. మావారు స్టీరింగ్ దగ్గర, నేను టాబ్లెట్ దగ్గర. ఆ టాబ్లెట్‌లో ఉన్న ఆక్వా మ్యాప్ అనే చార్ట్ (పడవలకి దారి, లోతు చూపించే మ్యాప్) యాప్ గురించే ఈ రివ్యూ. ఇదే దారిలో రావాలనుకునే మనవాళ్లు ఎవరైనా ఉంటే, పడవకి ఇంకేం కొన్నా కొనకపోయినా ముందు దీని మాస్టర్ సబ్‌స్క్రిప్షన్ తీసుకోండి.

ఎందుకో చెప్తాను. ఈ వాటర్‌వేకి కాగితం మీద లోతు నార్ఫోక్ నుంచి ఫోర్ట్ పియర్స్ దాకా 12 అడుగులు, అక్కడి నుంచి మయామీ దాకా 10 అడుగులు. నిజంగా ఉండే లోతు వేరు. సముద్రం లోపలికి వచ్చే ఇన్‌లెట్ ఎక్కడ ఉంటే అక్కడ ఇసుక మేట వేస్తుంది. తుఫాను వచ్చిందంటే ఆ మేట ఒకచోట నుంచి ఇంకోచోటికి జరుగుతుంది. తవ్వడానికి నిధులు వచ్చేదాకా అది అక్కడే ఉంటుంది. చార్టుల్లో దారి చూపిస్తూ ఒక మెజెంటా గీత ఉంటుంది కదా, కొత్తగా వచ్చినవాళ్లు దాన్నే పట్టుకుని పోతారు. ఆ గీత ఎప్పటిదో. కొన్నిచోట్ల అది ఇసుక మేట మీదుగానే పోతుంది. 2013లో ఈ చార్టులు తయారుచేసే అమెరికా ప్రభుత్వ సంస్థ నోవా ఆ గీతని కొత్త చార్టుల్లోంచి తీసేస్తామంది. బోటర్లు వద్దని గట్టిగా అడిగితే ఉంచింది. నా అభిప్రాయంలో ఉండటమే మంచిది, మొత్తంగా దారి ఎటో తెలుస్తుంది. కానీ పడవ అడుగు నేలకి తగలకుండా అది కాపాడదు.

కాపాడేది అమెరికా సైన్యంలోని ఆర్మీ కోర్ ఆఫ్ ఇంజనీర్స్ చేసే సర్వే. వాళ్ల బోట్లు సోనార్‌తో అడుగు కొలుస్తాయి, ఆ సర్వేలు అందరికీ అందుబాటులో పెడతారు. అయితే పడవ నడుపుతూ ఆ షీట్లు ఒక్కొక్కటీ తెరిచి, మనం ఎక్కడున్నామో పోల్చుకుంటూ కూర్చోలేం. ఆక్వా మ్యాప్ మాస్టర్ చేసే పనల్లా ఆ సర్వేల్ని చార్ట్ మీద లోతుల వారీగా రంగుల్లో పరచడం. మన పడవ గుర్తు ఆ రంగుల మీద కదులుతుంటుంది. లోతున్న రంగు ఎటు తిరిగితే మనమూ అటు తిరగడమే. చెప్పడానికి ఇంతే. కానీ జార్జియాలో దీని విలువ తెలుస్తుంది.

జార్జియాలో ఆటుపోట్ల తేడా ఏడు నుంచి తొమ్మిది అడుగులు. ఆటు సమయంలో రెండు పక్కలా బురద గట్లు తేలి, నీళ్లు సన్నటి పాయగా మిగులుతాయి. ఓగీచీ నది నుంచి వెర్నన్ నదికి కలిపే హెల్ గేట్ అనే ఇరుకు దారి ఉంది. పొడవు పెద్దగా ఉండదు గానీ పేరు వింటేనే టెన్షన్. మా పడవ నీటి కింద నాలుగు అడుగులు ఉంటుంది. పోటు సగం దాకా వచ్చేవరకు ముందే లంగరు వేసుకుని ఆగాం. పోటు వస్తున్నప్పుడే వెళ్లడం ముఖ్యం, ఒకవేళ ఇసుకలో కూరుకున్నా వచ్చే నీళ్లే లేపుతాయి. బయలుదేరాక మెజెంటా గీత ఒక పక్క, లోతున్న రంగు ఇంకో పక్క. దారి అంచులు చూపించే మార్కర్ల మధ్యలో నుంచి తిన్నగా పోదామనిపిస్తుంది, ఎవరికైనా అదే అనిపిస్తుంది.

"కొంచెం ఎడమకి తిప్పండి. ఇంకొంచెం."

"మార్కర్ మీదకి పోతున్నాం కదే!"

"పోనివ్వండి. లోతు ఆ పక్కనే ఉంది."

పడవలో లోతు కొలిచే డెప్త్ సౌండర్ మీద అంకె ఒక్కసారి కూడా ఎనిమిది అడుగుల కిందకి రాలేదు. యాప్‌లో లోతులు సగటు ఆటు మట్టానికి కొలిచినవి, దానికి అప్పుడున్న పోటు కలుపుకోవాలి. నేను కలిపి చెప్పిన అంకె, సౌండర్ చూపించిన అంకె దాదాపు సరిపోతుంటే మావారి భుజాలు అప్పుడు దిగాయి. అక్కడి నుంచి ఇంటిదాకా "ఎటు?" అని నన్నే అడిగారు.

నార్త్ కరోలైనాలో లాక్‌వుడ్స్ ఫాలీ, షలాట్ ఇన్‌లెట్ల దగ్గర ఇంకో సమస్య. ఇసుక కదిలినప్పుడల్లా కోస్ట్ గార్డ్ వాళ్లు బోయాల్ని (నీటి మీద తేలే మార్కర్లని) జరుపుతారు, కాబట్టి చార్ట్‌లో ఉన్నచోట బోయా ఉండకపోవచ్చు. ఇలాంటిచోట కళ్లతో చూసిన బోయాకే మొదటి మాట, తర్వాతే స్క్రీన్. ఇంకోటి, ఉత్తరానికి వచ్చేటప్పుడు ఎర్ర మార్కర్లు మనకి ఎడమ పక్క ఉండాలి. ఇన్‌లెట్ నుంచి వచ్చే నది మార్కర్లు మధ్యలో కలిస్తే రంగులు తారుమారు అవుతాయి. అప్పుడు మార్కర్ మీద పసుపు త్రికోణం ఉందా, పసుపు చదరం ఉందా చూడాలి. త్రికోణాన్ని ఎరుపు కిందా, చదరాన్ని ఆకుపచ్చ కిందా లెక్కపెట్టుకోవాలి. ఈ పని యాప్ చేయదు, బైనాక్యులర్స్ చేస్తాయి.

చేయనివి ఇంకా ఉన్నాయి. సర్వే జరిగినచోటే రంగులు కనిపిస్తాయి. లంగరు వేసుకోవడానికి పక్క పాయల్లోకి తిరిగితే మామూలు చార్టే గతి, అక్కడ మెల్లగా పోవాల్సిందే. పీతల బుట్టలకి తాడుతో కట్టిన తేలే బంతులు యాప్‌లో కనిపించవు, ప్రొపెల్లర్‌కి తాడు చుట్టుకుంటే ఏ యాప్ ఏం చేస్తుంది? క్యాంప్ లెజూన్ అనే సైనిక స్థావరం దగ్గర ఫైరింగ్ జరుగుతుంటే దారి మూసేస్తారు, దానికి వీహెచ్‌ఎఫ్ రేడియోలో 16వ ఛానల్ వింటూ ఉండాలి. ఆల్బమార్ల్ సౌండ్ అనే తీరం వెనకున్న పెద్ద నీటి విస్తీర్ణం లోతు తక్కువ, వెడల్పు ఎక్కువ, గాలి వీస్తే పొట్టి అలలు వరసగా కొడతాయి. అక్కడ చూడాల్సింది వాతావరణం.

సౌత్ కరోలైనాలో వక్కమా నది వచ్చినప్పుడు మాత్రం టాబ్లెట్ పక్కన పెట్టేయండి. అక్కడ సహజంగానే లోతుంటుంది, ఒడ్డున సైప్రస్ చెట్లు నీళ్లలోనే నిలబడి ఉంటాయి. ఈ దారి మొత్తంలో నాకు అంతకంటే నచ్చిన చోటు లేదు.

మా చార్ట్‌ప్లాటర్‌లో (పడవకే బిగించిన చార్ట్ తెరలో) నావియానిక్స్ అనే ఇంకో కంపెనీ చార్టులు కూడా ఉన్నాయి. బోటర్ల సోనార్ రికార్డులతో తయారుచేసిన లోతులు వాటిలో ఉంటాయి, పక్క పాయల్లో అవే పనికొచ్చాయి. రెండూ ఉంటే మంచిది. ఒక్కటే కొనగలిగితే ఈ దారికి ఆక్వా మ్యాపే. రాత్రి లంగరు జారితే మోగే అలారం కూడా ఆక్వా మ్యాప్‌లో ఉంది, గాలి ఉన్న రాత్రుల్లో దాన్ని నమ్ముకునే నిద్రపోయాం. అడుగున్నర నీళ్లలో తేలే పాంటూన్ బోటు ఉన్నవాళ్లకి, ఇంటి చుట్టుపక్కలే తిరిగేవాళ్లకి మాస్టర్ అక్కర్లేదు, మామూలు చార్టులు చాలు. మూడు అడుగులు దాటి మునిగే పడవైతే ఇక ఆలోచించక్కర్లేదు.

చార్టులు మెరీనాలో వైఫై ఉన్నప్పుడే దించుకోండి, జార్జియా చిత్తడి నేలల్లో ఫోన్ సిగ్నల్ మీద ఆశ పెట్టుకోవద్దు. కొత్త సర్వేలు వస్తూనే ఉంటాయి కాబట్టి, పోయిన సీజన్‌లో దించుకున్నవి ఉన్నాయి కదా అని ఊరుకోకుండా బయలుదేరేముందు మళ్లీ అప్‌డేట్ చేసుకోండి. టాబ్లెట్‌కి నీడపట్టున ఒక స్టాండ్, పక్కనే చార్జర్ పెట్టండి, ఎండలో వేడెక్కితే ఏ టాబ్లెట్ అయినా ఆగిపోతుంది. అదే యాప్ ఇద్దరి ఫోన్లలో కూడా వేసుకోండి.