అత్తమ్మను వంతులేసుకోవడమా, పనిని వంతులేసుకోవడమా: ఏది మేలు?

మా దేవరకొండ వైపు ముసలి తల్లిదండ్రుల సేవ అనగానే ముందుగా వచ్చే మాట వంతు. ముగ్గురు కొడుకులుంటే నెలకొకరి ఇంట్లో. మా అత్తమ్మకు పక్షవాతం వచ్చి కుడి చేయి, కుడి కాలు పడిపోయినప్పుడు మేమూ అదే దారి పట్టాం. ఊళ్లో మేము ఒక నెల, నల్లగొండలో బావగారు ఒక నెల, హైదరాబాద్‌లో మరిది ఒక నెల. ఏడు నెలలు అలా నడిపి మానేశాం. ఇప్పుడు ఆమె ఊళ్లోనే ఉంటుంది, చేసేవాళ్లమే వంతులు వేసుకున్నాం. రెండూ చేసి చూశాను కాబట్టి ఇది రాస్తున్నాను.

మొదటి పద్ధతిలో మంచి లేదనను. ఏ ఒక్కరి మీదా మొత్తం భారం పడదు. మేమే చేశాం, మీరేం చేశారనే మాట రాదు. చేసే మనిషికి రెండు నెలలు రాత్రి నిద్ర దొరుకుతుంది. మంచంలో ఉన్న మనిషిని చూసుకున్నవారికే ఆ నిద్ర విలువ తెలుస్తుంది. పెద్దవాళ్లు నడుస్తూ, తమ పని తాము చేసుకుంటున్నంత కాలం ఇదే హాయి. అందరు మనవల దగ్గరా గడిపినట్టు ఉంటుంది.

మంచం పట్టాక లెక్క మారుతుంది. పక్షవాతం తర్వాత కాలూ చేయీ ఎక్కువగా తేరుకునేది మొదటి మూడు నుంచి ఆరు నెలల్లోనే. ఆ రోజుల్లో ఫిజియోథెరపీ తెగకుండా సాగాలి. మా ఇంట్లో నేర్పిన వ్యాయామం నల్లగొండలో ఆగిపోయేది, అక్కడ మొదలుపెట్టింది హైదరాబాద్‌లో మారిపోయేది. ఒకసారి బీపీ మాత్రల చీటీ పాత సంచిలోనే ఉండిపోయి నాలుగు రోజులు మాత్ర పడలేదు. ఎవరూ నిర్లక్ష్యం చేయలేదు, ఒక చేతి నుంచి మరో చేతికి మారేటప్పుడు జారిపోయింది.

ఆరో నెల చివర హైదరాబాద్ నుంచి కారులో మూడు గంటలు కూర్చోబెట్టి తెచ్చారు. ఒళ్లు తుడుద్దామని పక్కకు తిప్పితే నడుము కింద, తోక ఎముక దగ్గర రూపాయి బిళ్లంత ఎర్రటి మచ్చ. వేలితో నొక్కినా తెల్లబడలేదు. పడక పుండు మొదలయ్యేది అలాగే. రెండు గంటలకోసారి పక్క మార్చాలని మూడు ఇళ్లలోనూ తెలుసు, ప్రయాణంలో ఎవరికీ గుర్తు రాలేదు. అత్తమ్మ నోరు తెరిచి ఎన్నడూ వద్దనలేదు. కానీ బయలుదేరే రోజు మేము సంచి సర్దుతుంటే ఎడమ చేత్తో మంచం పట్టెను గట్టిగా పట్టుకునేది. ఆ పట్టు విడిపించి ఆమెను కారు ఎక్కించింది నేనే. అది మరిచిపోలేకపోతున్నాను.

అందుకే నా ఓటు ఆమెను ఒకే చోట ఉంచడానికి. గాలి పరుపు, మంచం పక్క కమ్మీ, కమోడ్ కుర్చీ ఒక్కసారి అమరిస్తే చాలు. నెలనెలా వచ్చే వృద్ధాప్య పింఛనూ ఊళ్లోనే అందుతుంది. అయితే ఒక షరతు ఉంది. ఒకే చోట అంటే ఒకే మనిషి అని ఇంటిల్లిపాదీ సులువుగా అనేసుకుంటారు, ఆ ఒక్క మనిషి కోడలే అవుతుంది. తల్లిదండ్రుల పోషణ కోసం తెచ్చిన 2007 చట్టం కొడుకు, కూతురు, మనవడు, మనవరాలు అని బాధ్యుల్ని చెప్పింది. కోడలి పేరు అందులో లేదు. రాత్రి రెండింటికి లేచేది మాత్రం ఆమే. మొదటి నెల అత్తమ్మను ఒక్కదాన్నే లేపబోయి నా నడుము పట్టేసింది, వారం రోజులు వంగలేకపోయాను. కింద దుప్పటి వేసి, చెరో వైపు పట్టుకుని ఇద్దరు జరపాలని ఆ తర్వాత తెలిసింది. ఇద్దరు కావాల్సిన పనిని ఒకరికి వదిలేయడం తప్పు.

మేము డబ్బుతో పాటు రాత్రులనూ పంచుకున్నాం. పగటిపూట సాయం చేసే మనిషి జీతం బావగారిది, మందులూ డైపర్లూ మరిదివి. శని, ఆదివారాలు వాళ్లిద్దరిలో ఒకరు వచ్చి తల్లి మంచం పక్కనే పడుకుంటారు. పాత లెక్కలో ఎక్కడా లేని ఆడబిడ్డ మిర్యాలగూడ నుంచి వచ్చి నెలకు వారం ఉంటోంది. మొదటిసారి డైపర్ మార్చేటప్పుడు బావగారి చేతులు వణికాయి. ఇప్పుడు నాకన్నా ఒడుపుగా మారుస్తారు.

వృద్ధాశ్రమాన్ని నేను తప్పుపట్టను. పాలమూరు వైపు కొడుకూ కోడలూ ముంబయి, పుణె పనులకు వెళ్లిన ఇళ్లలో వంతుల మాటే ఉండదు. మర్రిగూడ వైపు నీళ్లలోని ఫ్లోరైడ్ వల్ల వచ్చే ఫ్లోరోసిస్‌తో కాళ్లు వంకరపోయిన బిడ్డను ఏళ్ల తరబడి ఎత్తి దించుతున్న తల్లులకూ పంచుకునేవాళ్లు లేరు. పెద్దవాళ్లు ఒంటరిగా ఉంటే 14567కు ఫోను చేయవచ్చు, అది వృద్ధుల సహాయవాణి. నయంకాని జబ్బుతో బాధపడేవారి కోసం జిల్లా స్థాయిలో ప్రభుత్వ పాలియేటివ్ కేర్ (నొప్పీ బాధా తగ్గించే సేవ) కేంద్రాలున్నాయి, అడగడానికి మొహమాటపడకండి.

ఈ శనివారం మరిది వంతు. మధ్యాహ్నం మందు వేసినప్పటి నుంచీ, తనను వాకిలి వైపు తిప్పి పడుకోబెట్టమని అత్తమ్మ ఎడమ చేత్తో చూపిస్తోంది.