మూడు వరుసలు ఒక్కటవ్వాలంటే ఏది మేలు: విమ్ ఆదేశమా, మల్టీ కర్సరా?

చీమకుర్తి గ్రానైట్ యార్డులో కొలతలు తీసే అబ్బాయి ఫోన్లో కొట్టి పంపే లిస్టులో ఒక్కో రాతి స్లాబుకి మూడు వరుసలు. పైన ఎస్‌తో మొదలయ్యే నంబరు, దాని కింద పొడవు, ఆ కింద ఎత్తు. ప్యాకింగ్ లిస్టులో ఆ మూడూ ఒకే వరుసలో కావాలి. పది స్లాబులైతే డిలీట్ నొక్కుకుంటూ పోతాం. నాలుగొందలొస్తేనే తంటా. అందుకు నేను వాడి చూసినవి రెండు టెక్స్ట్ ఎడిటర్లు: వీఎస్ కోడ్, విమ్.

వీఎస్ కోడ్‌లో ఒక ఎస్‌ని పట్టుకుని కంట్రోల్, షిఫ్ట్, ఎల్ కలిపి నొక్కితే ప్రతి ఎస్ దగ్గరా ఒక కర్సర్ నిలబడుతుంది, ఇదే మల్టీ కర్సర్. ఎండ్, కామా, డిలీట్. మళ్లీ ఎండ్, కామా, డిలీట్. అంతే. జరిగేదంతా కళ్లెదుటే కనిపిస్తుంది, కొత్తవాళ్లకి భయం ఉండదు.

విమ్‌లో మొదట నేను వాడింది కోలన్, పర్సెంట్, నార్మ్, ఖాళీ, 3, పెద్ద జె. మూడేసి వరుసలు ఒక్కటైపోతాయి. వేగంలో దీన్ని కొట్టేది లేదు, కానీ ఇది గుడ్డిది. అబ్బాయి ఎక్కడో ఒక ఎత్తు రాయడం మరిచాడనుకోండి, అక్కడి నుంచి చివరిదాకా ప్రతి స్లాబు కొలతా పక్కదాని ఖాతాలో పడుతుంది. మల్టీ కర్సర్‌తో అయితే ఆ చోట మాత్రమే చెడుతుంది, ఎందుకంటే ప్రతి కర్సరూ తన ఎస్‌ని పట్టుకునే ఉంటుంది. ఈ రెండింటిలోనే తేల్చమంటే నా ఓటు మల్టీ కర్సర్‌కే.

విమ్‌లోనే ఇంకోటుంది: కోలన్, వి, స్లాష్, క్యారెట్, ఎస్, స్లాష్, మైనస్, 1, చిన్న జె. ఎస్‌తో మొదలుకాని వరుస ఏదైనా సరే, తన పైవరుసకి అతుక్కుంటుంది. లెక్కపెట్టడమే లేదు కాబట్టి తప్పే ప్రశ్నా లేదు. విమ్‌కి మూలమైన, బిల్ జాయ్ 1976లో మొదలుపెట్టిన వీఐ ఎడిటర్ కాలం నాటి ఆదేశమే ఇది. మధ్యలో మిగిలే ఖాళీల్ని ఇంకో ఆదేశంతో కామాలు చేసుకుంటే సరి. వీఎస్ కోడ్‌లో రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌తోనూ (గుర్తులతో నమూనా రాసి వెతికే పద్ధతి) ఇదే పని అవుతుంది గానీ, ఆ గుర్తులు నాకు ఏ రోజుకారోజు మరుపే.

విమ్‌లోనే ఉన్న జీక్యూ ఆదేశం జోలికి మాత్రం లిస్టులో పోవద్దు. అది ఉత్తరాల్లాంటి వాక్యాలకి, 79 అక్షరాల దగ్గర వరుస విరిచి సర్దడానికి బాగుంటుంది. ఓసారి పొరపాటున స్లాబుల మీద నొక్కితే కొలతలన్నీ కలిసి ఒకే పేరాగా తయారయ్యాయి. చేసినదాన్ని వెనక్కి తిప్పే యు నొక్కి బయటపడ్డా.

మొన్న వి ఆదేశం నడిపాక ఒక వరుస పొట్టిగా కనిపించింది. యార్డుకి ఫోన్ చేసి "ఎస్ 112కి ఎత్తేదబ్బాయ్?" అన్నా.

"అది అంచు విరిగిందన్నా, పక్కన పడేశాం. రాస్తా రాస్తా ఆపేశా," అన్నాడు.