హాస్పిటల్ డేటాతో రీసెర్చ్ ప్రాజెక్ట్ ఇప్పిస్తామంటే జాగ్రత్త: అమీర్‌పేటలో మాకు అంటగట్టింది ఇది

ఎం.టెక్. బయోమెడికల్, ఫార్మ్.డి., ఎం.పి.హెచ్. చదువుతూ థీసిస్ కోసం తిరుగుతున్న వారందరికీ ఈ హెచ్చరిక. అమీర్‌పేటలో మెట్రో మెట్లు దిగీ దిగకముందే చేతిలో కరపత్రం పెట్టి, "హాస్పిటల్ టై-అప్‌తో రియల్ టైమ్ రీసెర్చ్ ప్రాజెక్టులు" అని వెంటపడి విద్యార్థులకు ప్రాజెక్టులు అమ్మే ఆ సెంటర్ ఏదో మీలో చాలామందికి తెలిసే ఉంటుంది కనుక దాని పరిచయం అక్కర్లేదు. నా ఎం.టెక్. థీసిస్‌కూ, నా స్నేహితురాలి ఫార్మ్.డి. ప్రాజెక్టుకూ కలిపి మేము అక్కడ కట్టిన సొమ్ము 28,000 రూపాయలు. అది తిరిగి రాదని నిన్న సాయంత్రం తేలిపోయింది.

ఆసుపత్రుల చుట్టూ తిరిగిన వారికి మా అవసరం అర్థమవుతుంది. రోగుల రికార్డులు అడిగితే, పరిశోధనలో రోగులకు అన్యాయం జరగకుండా చూసే ఎథిక్స్ కమిటీ అనుమతి తెమ్మంటారు, ఆ కమిటీ కూర్చునేసరికి సెమిస్టర్ సగం గడిచిపోతుంది. అలాంటప్పుడు, నగరంలోని ఒక పెద్ద ఆసుపత్రి నుంచి పేర్లు తీసేసిన మధుమేహ రోగుల డేటా, దానికి ఎథిక్స్ కమిటీ లేఖ, పని చేయించడానికి ఒక డాక్టర్ గైడ్, చివర ఒక జర్నల్ పేపర్, అన్నీ ఒకే చోట దొరుకుతాయంటే నమ్మాం. డాక్టర్ గైడ్ ముఖం మాకు ఇప్పటికీ తెలియదు. రెండో విడత ఫీజు కట్టాకే డేటా ఫైలు ఇస్తామన్నప్పుడైనా నాకు అనుమానం రావలసింది, రాలేదు. బయోమెడికల్ చదువుతున్నానని చెప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది.

ఆ ఎక్సెల్ ఫైలు గురించి వివరంగా చెప్పాలి. అందులో 768 మంది రోగులు, వారి ఎదురుగా కూకట్‌పల్లి, మెహదీపట్నం, దిల్‌సుఖ్‌నగర్ అంటూ ప్రాంతాల పేర్లు, మగ లేదా ఆడ అని ఒక కాలమ్. మొదటి కాలమ్ పేరు "గత ఏడాది ఆసుపత్రికి వచ్చిన సార్లు". అందులో 111 మందికి సున్నా ఉంది. ఆసుపత్రి గడపే తొక్కని 111 మందికి ఆ ఆసుపత్రిలోనే గ్లూకోజ్ పరీక్ష ఎలా చేశారో నాకు అంతుపట్టలేదు. ఈలోగా నా స్నేహితురాలు రక్తపోటు కాలమ్‌ను చిన్న అంకె నుంచి పెద్ద అంకెకు వరుస పెట్టింది. 35 మందికి రక్తపోటు సున్నా. "వీళ్ళు డయాబెటిస్ ఓపీలో ఉండరే, మార్చురీలో ఉంటారు" అంది. ఇన్సులిన్ కాలమ్‌లో 374 సున్నాలు ఉన్నాయి.

మొదటి వరుసలోని అంకెలను అలాగే గూగుల్‌లో కొట్టగానే గుట్టు బయటపడింది. అది పీమా డయాబెటిస్ డేటా. అమెరికాలో ఆరిజోనా రాష్ట్రంలోని ఫీనిక్స్ సమీపంలో ఉండే పీమా తెగ మహిళలది; అందరూ 21 ఏళ్ళు, ఆపై వయసువారు. 1988 నుంచి పరిశోధన పత్రాల్లో కనిపిస్తోంది. మెషీన్ లెర్నింగ్ నేర్చుకునేవారు మొదట పట్టుకునే డేటాల్లో ఇదొకటి, డేటా ఫైళ్ళు పంచుకునే కాగిల్ వెబ్‌సైట్‌లో ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు. నమోదు కాని విలువల స్థానంలో సున్నాలు ఉండటం కూడా దీనితో పనిచేసిన వారందరికీ తెలిసిన లోపమే. మా సెంటర్ ఘనులు "ఆసుపత్రికి వచ్చిన సార్లు" అని పేరు మార్చిన కాలమ్ అసలుకు ఆ మహిళలు ఎన్నిసార్లు గర్భం దాల్చారన్న లెక్క. దాని పక్కనే లింగం అనే కాలమ్ చేర్చి, వారిలో ఇంచుమించు సగం మందిని మగవారిని చేసి, తలా ఒక హైదరాబాద్ బస్తీలో ఇల్లు కూడా ఇచ్చేశారు.

ఇది అడగడానికి నిన్న వెళ్ళాం. మేనేజర్ బల్ల ముందు ఒక పెద్దాయన, పక్కన ఆయన కొడుకు కాబోలు, కూర్చుని ఉన్నారు. మేనేజర్ ఆయన ఇచ్చిన నోట్లను తడి స్పాంజికి వేలు అద్దుకుంటూ లెక్కపెడుతున్నాడు. నేను ల్యాప్‌టాప్ తెరిచి, "సార్, ఈ డేటా ఏ హాస్పిటల్‌ది?" అని అడిగాను. మేనేజర్ తలెత్తకుండానే, "నీకు ఏ హాస్పిటల్ కావాలో చెప్పమ్మా, లెటర్ మీద ఆ పేరే వేయిద్దాం" అన్నాడు. ఇది అమెరికా డేటా కదా అని స్క్రీన్ ఆయన వైపు తిప్పాను. "అయితే ఏంటి? షుగర్ అమెరికాలో ఒకలా, అమీర్‌పేటలో ఒకలా ఉంటుందా?" అన్నాడు. వెనక కుర్చీల్లో ఉన్న కుర్రాళ్ళు పగలబడి నవ్వారు. రక్తపోటు సున్నాల గురించి నా స్నేహితురాలు నోరు తెరవబోతే, "నోబెల్ ప్రైజ్‌కు పంపిస్తున్నారా ఏంటి, వైవా గట్టెక్కితే చాలదా? మీ ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ ఇన్సులిన్ కాలమ్ దాకా వెళ్తాడా?" అని మళ్ళీ నోట్ల లెక్కలో పడ్డాడు. ఆ పెద్దాయన మా వైపు ఒకసారి, కొడుకు వైపు ఒకసారి చూసి, మిగతా నోట్లు కూడా బల్ల మీద పెట్టారు.

డబ్బు పోయినందుకంటే ఆ నవ్వుకే నాకు ఎక్కువ మండింది.

పీమా డేటాను వాడటం తప్పని నేను అనడం లేదు. ఎక్కడి నుంచి తీసుకున్నామో రాసి, మా పద్ధతి కొత్తదని చూపిస్తే అది సక్రమమైన థీసిస్సే. పేర్లు లేకుండా అందరికీ అందుబాటులో ఉన్న డేటాకు ఎథిక్స్ పరిశీలన నుంచి మినహాయింపు ఇచ్చే వీలు 2017 నాటి ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) మార్గదర్శకాల్లో ఉంది కనుక, ఉన్న మాట చెబితే దొంగ లేఖ అవసరమే ఉండేది కాదు. కానీ ఆరిజోనా మహిళల అంకెలతో "హైదరాబాద్ పట్టణ జనాభాలో మధుమేహ ముప్పు" అని తేల్చి, దాని కింద మా పేర్లు పెట్టి ప్రచురిస్తే అది కల్పిత పరిశోధన. పట్టుబడితే పోయేది మా డిగ్రీలు, ఆ సెంటర్‌కు చీమ కుట్టినట్టు కూడా ఉండదు. "ప్లాగరిజం 10 శాతం లోపు గ్యారంటీ" అని, అంటే ఇతరుల రాతల నుంచి ఎత్తిరాత అంతకు మించదని, వారు గోడ మీద రాసుకున్నారు. యూజీసీ (విశ్వవిద్యాలయాల గ్రాంట్ల సంఘం) 2018 నిబంధనల ప్రకారం 10 శాతం వరకు పోలికకు శిక్ష లేని మాట నిజమే. అయితే దాన్ని పట్టే సాఫ్ట్‌వేర్ వాక్యాల పోలిక చూస్తుంది తప్ప, రోగులు మెహదీపట్నం వారా, ఫీనిక్స్ వారా అని విచారించదు. ఈ సంగతి మాకంటే వారికే బాగా తెలుసు.

ఇక ఎథిక్స్ లేఖలో ఆసుపత్రి గుర్తు, ఒక గుండ్రటి ముద్ర, చదవడానికి వీలుకాని సంతకం ఉన్నాయి. కమిటీ రిజిస్ట్రేషన్ నంబరు, సమావేశం తేదీ లేవు. 2019 నాటి కొత్త ఔషధాల నియమాల ప్రకారం ఇలాంటి పరిశోధనలను పరిశీలించే కమిటీలు ఆరోగ్య పరిశోధన విభాగం వద్ద నమోదు కావాలి.

డబ్బు తిరిగి ఇమ్మంటే రసీదు చూసుకోమన్నారు. చూశాం. అందులో ప్రాజెక్ట్ అన్న ముక్కే లేదు, "ట్రైనింగ్ ఫీజు" అని ఉంది, అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో నో రీఫండ్ అని ఉంది. శుభ్రంగా శఠగోపం పెట్టి పంపారు.

ఇప్పుడు చేరబోయే వారికి చెప్పేదల్లా, డేటా ఫైలు కళ్ళారా చూడకుండా పైసా కట్టవద్దు, లేఖలో కమిటీ నంబరు ఉంటే ఆ ఆసుపత్రికి నేరుగా ఫోన్ చేసి అడగండి, రసీదు మీద ప్రాజెక్ట్ పేరు రాయించుకోండి. నిజమైన పరిశోధన అనుభవం కావాలంటే, సైన్స్ అకాడమీల వేసవి ఫెలోషిప్‌లో మనం కట్టడం కాదు, వారే మనకు స్టైపెండ్ ఇస్తారు. ఎం.బి.బి.ఎస్., బి.డి.ఎస్. వారికి ఐసీఎంఆర్ స్వల్పకాలిక స్టూడెంట్‌షిప్ కూడా అలాంటిదే. గడువు తేదీలు ముందే చూసుకోండి.

మేము వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేస్తున్నాం, ఆపైన జిల్లా కమిషన్‌కు వెళ్తాం. అక్కడ 5 లక్షల రూపాయల లోపు వ్యవహారానికి ఫీజు లేదు. ఇదే సెంటర్‌లో "హాస్పిటల్ డేటా" తీసుకున్న వారు మీ ఫైలు మొదటి వరుస చూడండి. 6, 148, 72, 35, 0, 33.6, 0.627, 50 అని ఉంటే రసీదు ఫోటోతో నాకు సందేశం పంపండి, మీ పేరు కూడా ఫిర్యాదులో చేరుస్తాం.