తల, మెడ అనాటమీ మోడళ్లు: తొమ్మిదేళ్లు వాడిన తర్వాత

బీడీఎస్ (దంతవైద్య డిగ్రీ) మొదటి సంవత్సరం విద్యార్థులకు అనాటమీ బోధించే నేను మా విభాగంలోని మూడు మోడళ్లను తొమ్మిదేళ్లుగా వాడుతున్నాను. ఒకటి, 22 ఎముకలనూ విడదీసి అయస్కాంతాలతో తిరిగి కూర్చగలిగే పుర్రె. రెండోది, నిలువుగా కోసిన సగం తల. మూడోది, కండరాలను ఒక్కొక్కటిగా తీసి చూపగలిగే తల, మెడ.

పుర్రెకు పెట్టిన ప్రతి రూపాయీ సార్థకమైంది. పుర్రె అడుగున ఉండే స్ఫినాయిడ్ ఎముక ఆకారాన్ని బొమ్మ చూసి పూర్తిగా గ్రహించిన విద్యార్థి నాకు ఇంతవరకు తారసపడలేదు. అదే ఎముకను చేతిలోకి తీసుకుని, దానిలోని ఫొరామెన్ రొటండమ్, ఫొరామెన్ ఓవేల్ అనే రంధ్రాల్లో సన్నని పుల్లలు దూర్చి, అవి ఎక్కడ తేలుతున్నాయో చూసినవారు పై దవడకు వెళ్లే మాక్సిలరీ, కింది దవడకు వెళ్లే మాండిబ్యులర్ నరాల దారుల విషయంలో మళ్లీ తికమకపడలేదు. సగం తల మోడల్ ముక్కు, గొంతు పాఠాలకు సరిపోతుంది.

మూడో మోడల్‌లో కింది దవడ రేమస్‌ను (వెనక నిలువుగా ఉండే భాగాన్ని) తీయగానే లేటరల్ టెరిగాయిడ్ అనే దవడ కండరం, దాని కింది నుంచి దిగివచ్చే నాలుకకు వెళ్లే లింగువల్, కింది పళ్లకు వెళ్లే ఇన్‌ఫీరియర్ ఆల్వియోలార్ నరాలు కనిపిస్తాయి. కింది పళ్లకు మత్తుసూది ఎక్కడ వేయాలో, దానితో నాలుక కూడా ఎందుకు మొద్దుబారుతుందో అక్కడే చూపించవచ్చు. అయితే లింగువల్ నరంలో వచ్చి కలిసే కార్డా టింపనీ నరాన్ని ఇందులో చూపనేలేదు. నాలుక ముందు భాగపు రుచిని మోసే నరాన్ని వదిలేసి ఆ పాఠం చెప్పడానికి మనసొప్పక, పసుపుపచ్చ పట్టుదారం నేనే అతికించాను.

మెడ విషయంలో మాత్రం నాకు తీవ్రమైన అసంతృప్తి ఉంది. మెడలోని కండరాలను, నాళాలను చుట్టి ఉండే డీప్ సర్వైకల్ ఫేషియా పొరలు ఇందులో లేనే లేవు; పంటి చీము మెడలోకి, అక్కడి నుంచి ఛాతీలోకి దిగేది ఆ పొరల మధ్య నుంచే కాబట్టి, దంతవైద్యుడు కాబోయేవారికి ఇది చిన్న లోపం కాదు. పైగా నాలుకకు వెళ్లే లింగువల్, ముఖానికి వెళ్లే ఫేషియల్ ధమనులు కొందరిలో ఒకే మొదలు నుంచి పుడతాయి. మోడల్‌నే కంఠస్థం చేసినవారు డిసెక్షన్ (శవచ్ఛేదం) బల్ల దగ్గర అది చూసి నిలిచిపోతారు. అందుకే డిసెక్షన్‌కు ముందురోజు మోడల్ చూపిస్తాను గాని, దాని బదులుగా ఎన్నడూ చూపించను.

స్పిరిట్‌తో తుడిచినందువల్ల నరాల రంగు లేచిపోయింది. ఇప్పుడు సబ్బునీటిలో ముంచి పిండిన గుడ్డ మాత్రమే వాడుతున్నాం. మెడ పక్కన ఉండే స్టెర్నోక్లీడోమాస్టాయిడ్ కండరాన్ని నిలిపే పిన్ను రెండో ఏడాదే విరిగింది. విడిభాగం దొరకకపోవడంతో మా దంతాల ల్యాబ్‌లో యాక్రిలిక్‌తో పోయించుకున్నాం. అదే నేటికీ నిలిచి ఉంది.