వేరియబుల్ ఎన్‌డీ ఫిల్టర్: నీటికి వరం, హరివిల్లుకు గండం

వేరియబుల్ ఎన్‌డీ అంటే లెన్సు ముందు బిగించే నల్లద్దం. లోపలికొచ్చే వెలుగును తగ్గించి షట్టర్‌ను ఎక్కువసేపు తెరిచి ఉంచనిస్తుంది, రింగు తిప్పితే దాని చీకటి పెరుగుతుంది, తగ్గుతుంది. ఇన్నాళ్లు వాడినా ఈ ఫిల్టరులో నాకు మోజు తీరనిది ఆ రింగే. పారే నీటికి షట్టర్ స్పీడ్ (షట్టర్ తెరిచి ఉండే సేపు) ఇంత అని ముందే లెక్క కట్టలేం. జోరుగా దూకే ఏరు సెకనులో పావు వంతుకే దారాలు దారాలుగా సాగుతుంది, నింపాదిగా కదిలే నీటికి సెకను దాటాలి. అర సెకనుకు రాయి చుట్టూ తిరిగే నురుగు గీతలు ఒక్కొక్కటే కనిపిస్తాయి. ముప్పై సెకన్లు తెరిచి ఉంచితే అక్కడే పాలు ఒలికినట్టు తెల్లటి ముద్ద మిగులుతుంది (కొందరికి అదే ఇష్టం, నాకు కాదు). ఈ తేడాలన్నీ రింగు తిప్పుతూ చూసుకోవచ్చు. చీకటి మారని మామూలు ఎన్‌డీలైతే తడి చేతులతో ఒకటి విప్పి ఇంకొకటి బిగించాలి.

అలా మురిసిపోతున్న రోజుల్లోనే ఒక జలపాతం దగ్గర చిక్కొచ్చింది. ఎండ వీపు వెనక, ఎదురుగా తుంపరలో చక్కటి హరివిల్లు. షట్టర్‌ను 1/8 సెకను నుంచి 1/2కు తెద్దామని రింగు తిప్పాను. రంగులు వెలిసిపోయాయి. ఇంకాస్త తిప్పితే అసలుకే మాయం! తలెత్తి చూస్తే హరివిల్లు అక్కడే ఉంది, కెమెరా తెర మీద మాత్రం లేదు. ఈ ఫిల్టరులో ఉన్నవి రెండు పోలరైజర్లు, అంటే ఒక దిశలో కంపించే వెలుగునే పోనిచ్చే అద్దాలు. హరివిల్లు వెలుగు కూడా పోలరైజ్ అయినదే, అంటే ఎక్కువగా ఒకే దిశలో కంపించేది. ముందు అద్దం తిరిగినప్పుడు చీకటి పెరగడంతో పాటు ఏ వెలుగును ఆపాలన్నదీ మారిపోతుంది. ఆ రెంటినీ విడదీసే వీలు లేదు. చివరికి హరివిల్లు కనిపించే చోట రింగు వదిలేసి, ఎపర్చర్‌ను (లెన్సులో వెలుగు వచ్చే రంధ్రాన్ని) ఎఫ్/8 నుంచి ఎఫ్/16కు మూసి ఆ అర సెకను సాధించాను. డిఫ్రాక్షన్ (చిన్న రంధ్రం దాటుతూ వెలుగు చెదరడం) వల్ల ఫొటోలో నాచు వివరాలు కాస్త మెత్తబడ్డాయి.

తడి రాళ్ల మీది తళుకు పోయి రంగు చిక్కబడడం ఈ ఫిల్టరు గొప్పతనమని చాలామందికి చెప్పాను. అది కూడా రింగు దయే, అడిగినప్పుడల్లా దొరకదు. 16 ఎంఎం వెడల్పు లెన్సుకు పెట్టి గట్టిగా తిప్పితే ఫొటోకు అడ్డంగా ఇంటూ గుర్తులా నల్లటి నీడ కూడా పడుతుంది.

నేను తీసేవి ఎక్కువగా చెట్ల నీడలోని వాగులు, అవీ 35 ఎంఎంతో. మూడు స్టాపులు (ఒక్కో స్టాపుకు వెలుగు సగం తగ్గుతుంది) చాలు, రింగు సగం కూడా తిరగదు. అందుకే ఇది నా సంచిలోనే ఉంటుంది. వెడల్పు లెన్సుతో నడి ఎండలో జలపాతాలు తీసేవాళ్లయితే ఆరు స్టాపుల మామూలు ఎన్‌డీ, వేరుగా ఒక పోలరైజర్ కొనుక్కోవడమే మేలేమో.