హోటల్ భోజనంలో కేలరీలు: పిడికిలి కొలతా, జేబు కాటానా?

పిడికిలి కొలత ఎక్కడైనా పనికొస్తుంది. మోస్తరు పిడికిలంత అన్నం సుమారు 150 గ్రాములు, దాదాపు 200 కేలరీలు. కానీ గరిటెతో అదిమి వడ్డిస్తే అదే ముద్ద బరువు బాగా పెరుగుతుంది, లెక్క తక్కువగా వస్తుంది.

జేబు కాటా ఆ తప్పు రానివ్వదు. ఖాళీ గిన్నె పెట్టి సున్నా చేసి, అన్నం తూచి, 100 గ్రాములకు 130 కేలరీలు వేసుకోవాలి. అయితే గుత్తివంకాయ కూరలో బరువు తెలిసినా నూనె ఎంతో కాటా చెప్పదు. అసలు చిక్కంతా అక్కడే! నూనె గ్రాముకు 9 కేలరీలు. 15 మిల్లీలీటర్లు, అంటే ఒక పెద్ద చెంచా, అదనంగా పడితే 120 కేలరీలు. గిన్నె కాస్త వంచి, అంచున చేరిన నూనెను చెంచాల్లో అంచనా కట్టాలి. వంకాయ పీల్చుకున్నది కనిపించదు కాబట్టి మరో చెంచా కలపాలి. కారప్పొడిలో నెయ్యీ అంతే.

అన్నానికి, ఇడ్లీకి కాటాయే మేలు. నూనె కూరలకు, వేపుళ్లకు కన్ను, చెంచా నమ్మాలి.