పిల్లకు సాఫ్ట్‌బాల్ బ్యాట్ ఎంత బరువుది మేలు: 28 ఔన్సులా, 21 ఆ, 18 ఆ?

మా అక్క బిడ్డ ఎనిమిదో తరగతి, నల్గొండలనే చదువుతది, పోయినేడు నుంచి సాఫ్ట్‌బాల్ (బేస్‌బాల్ లాంటి ఆట) ఆడుతుంది, ఈసారి అండర్-14 సెలెక్షన్స్‌కు పోవాల్సిందే అని పట్టు పట్టింది. అక్క ఫోన్ చేసి "తమ్మీ, నువ్వు కాలేజీల ఆడినోడివి కదా, దానికో మంచి బ్యాట్ చూడురా, ఎదిగే పిల్ల, జర పెద్దదే తీస్కో, రెండు మూడేండ్లు వస్తది" అన్నది. స్కూల్ యూనిఫాం ఒక సైజు పెద్దది కుట్టించి కింద మడత పెట్టినట్టు అన్నమాట. బట్టలకు ఆ లెక్క నడుస్తది, బ్యాట్‌కు నడవదు. ఆ ఒక్క మాట అక్కకు సమజ్ చేయనీకె నాకు పదిహేను రోజులు పట్టింది, మీ ఇండ్లల్ల కూడా ఇదే పంచాయితీ ఉంటే పనికొస్తదని మొత్తం రాస్తున్న.

మా దగ్గర మూడు బ్యాట్లు కుదిరినయి. ఒకటి స్కూల్ కిట్‌ల ఉన్నది, 34 ఇంచులు, 28 ఔన్సులు, అంటే దగ్గర దగ్గర 800 గ్రాములు. రెండోది నేను ఆర్డర్ పెట్టి తెప్పించింది, 31 ఇంచులు, 21 ఔన్సులు, 600 గ్రాముల లోపు. మూడోది దాని ఫ్రెండ్ చెల్లెది, 30 ఇంచులు, 18 ఔన్సులు, అర కిలో. బ్యాట్ మీద మైనస్ 10, మైనస్ 12 అని రాసి ఉంటది చూడుండ్రి, దాన్ని డ్రాప్ అంటరు, ఇంచులల్ల నుంచి ఔన్సులు తీసేస్తే వచ్చే నంబర్ అది. 31ల నుంచి 21 పోతే 10. డ్రాప్ నంబర్ ఎంత పెద్దదైతే ఆ పొడుగుకు బ్యాట్ అంత తేలిక. లెక్కన స్కూల్‌ది డ్రాప్ 6, చిన్నదాని బ్యాట్ డ్రాప్ 12.

ముందు పెద్ద బ్యాట్ సంగతి. దాన్ని పట్టుకొని ఎన్జీ కాలేజీ గ్రౌండ్‌ల పొద్దున ఆరింటికి మొదలుపెట్టినం, నేను దగ్గర నుంచి మెల్లగ వేస్తున్న, అది కొడుతుంది. మొదటి అయిదారు బంతులు మస్తు పోయినయి, సౌండే వేరు, అక్క గ్రౌండ్ బయట నిలబడి "చూసినవా, ఇదే బాగుంది" అని ఒకటే ఖుషీ. పదిహేనో బంతికి వచ్చేసరికి వెనక చెయ్యి మోచెయ్యి కిందికి జారింది, భుజం వాలింది, బ్యారెల్, అంటే బ్యాట్ లావు భాగం, బంతి కిందికి పోతుంది, బంతి ఏమో నెత్తి మీదికి లేస్తుంది, అంటే వెనక కూసునే క్యాచర్‌కు అన్నం ముద్ద చేతిల పెట్టినట్టే. కొంచెం జోరుగ వేసి చూసిన, అన్నీ లేట్, కుడిచేతి బ్యాటర్ కదా, తగిలినవి కూడా ఫస్ట్ బేస్ పక్కకు, అంటే కుడి గీత బయటికి, ఫౌల్ పోయినయి. ఫోన్ల వీడియో తీసి మొదటి స్వింగ్, ఇరవయ్యో స్వింగ్ పక్క పక్కన పెట్టి చూపించినంక గానీ అక్క ఒప్పుకోలే. బ్యాట్ బాగలేదని కాదు, పదో బంతి తర్వాత ఆ బ్యాట్‌ను పిల్ల తిప్పుతలేదు, బ్యాటే పిల్లను తిప్పుతుంది.

మనోళ్ళకు ఇంకో అనుమానం ఉంటది, క్రికెట్ బ్యాట్ కిలో పైనే ఉంటది, అది తిప్పే పిల్లకు 800 గ్రాములు ఒక లెక్కనా అని. క్రికెట్‌ల బ్యాట్ నేల మీద ఆనించి ఉంటది, పై నుంచి కిందికి ఊగుతది, బరువే సగం పని చేస్తది. సాఫ్ట్‌బాల్‌ల బ్యాట్‌ను భుజం మీద లేపి పట్టుకొని అడ్డంగ తిప్పాలె, ఆ బరువంతా మణికట్టు, నడుము మోయాలె. టైమ్ కూడా చూడుండ్రి, ఆడోళ్ళ పెద్ద మ్యాచ్‌లల్ల పిచ్చర్, అంటే బంతి వేసే మనిషి, నిలబడే దూరం 43 అడుగులు, అంటే 13 మీటర్ల చిల్లర, గంటకు 80 కిలోమీటర్ల స్పీడ్‌తోని వేస్తే బంతి ముప్పావు సెకను కూడా పట్టకుండ వచ్చేస్తది, దాంట్లనే చూడాలె, కొట్టాల్నా వద్దా అనుకోవాలె, తిప్పాలె. బ్యాట్ తిరగనీకె లేటయ్యే కొద్దీ పిల్ల అంత ముందుగాలనే డిసైడ్ కావాలె, అంటే గుడ్డిగ కొట్టుడే.

మరి తేలికది తీస్కుంటే అయిపాయె కదా అంటే, గక్కడ కూడా మోసం ఉంది. 18 ఔన్సులది చేతిల పడంగనే మా కోడలు పిల్ల గాలిపటం తిప్పినట్టు తిప్పింది, "మామా, ఇదే కావాలె" అన్నది. స్వింగ్ నిజంగనే చక్కగ వచ్చింది, మోచెయ్యి జారలే. కానీ తగిలిన బంతి పోతలేదు, ఇన్‌ఫీల్డ్‌లనే, అంటే బేస్‌ల దగ్గర్నే, చచ్చిపోతుంది, పైగా తొందరగ తిరిగిపోయి థర్డ్ బేస్ పక్కకు, అంటే ఎడమ గీత బయటికి, ఫౌల్స్. పేరుకు సాఫ్ట్‌బాల్ గానీ 12 ఇంచుల చుట్టుకొలత బంతి 178 నుంచి 198 గ్రాముల దాకా ఉంటది, క్రికెట్ బంతి 163 దాటదు. అంత బంతి జోరుగ వచ్చి తగిలితే అర కిలో బ్యాట్ వెనక్కి నూకబడుతది, అంచుకు తగిలితే అరచేతులు జుమ్మంటయి, రెండు సార్లు అట్లయితే పిల్ల బంతికి భయపడుతది. తొమ్మిది పదేండ్ల పిల్లలకు, అప్పుడే ఆట మొదలుపెట్టినోళ్ళకు మాత్రం ఇదే కరెక్ట్, వాళ్ళకు ముందు స్వింగ్ కుదరాలె, దూరం తర్వాత సంగతి.

సైన్స్ లెక్క కూడా జర చెప్త, ఎందుకంటే "బరువుంటేనే దూరం పోతది" అనే మాట పీఈటీ సార్ల దగ్గర కూడా విన్న. అది అబద్ధం కాదు, ఒకే స్పీడ్‌తోని తిప్పగలిగితే బరువు బ్యాటే గట్టిగ కొడుతది. ఆ ఒకే స్పీడ్ అనేదే పిల్లల దగ్గర ఉండదు. బ్యాట్ స్పీడ్ ఒక కిలోమీటర్ పెరిగితే కొట్టిన బంతి స్పీడ్ దాదాపు 1.2 కిలోమీటర్లు పెరుగుతది, అదే పిచ్చర్ వేసే స్పీడ్ ఒక కిలోమీటర్ పెరిగితే దాంట్ల సుమారు అయిదో వంతే కలుస్తది. కాబట్టి స్పీడ్ పోగొట్టుకొని బరువు తెచ్చుకుంటే లాభం లేదు. స్పీడ్ తగ్గకుండ ఎంత బరువు మోయగలదో అంతే మోయనియ్యాలె.

ఇగ మధ్యది, 31 ఇంచులు 21 ఔన్సులు. దీనితోని మొదటి రోజే పెద్ద షాట్లు ఏం రాలే, నిజం చెప్తున్న, అక్క మొహం చిన్నబుచ్చుకుంది. కానీ ఇరవయ్యో స్వింగ్ మొదటి స్వింగ్ లెక్కనే ఉంది, నాకు గదే కావాలె. వారం తిరిగేసరికి బంతులు షార్ట్‌స్టాప్ (రెండో, మూడో బేస్ నడుమ నిలబడే ఫీల్డర్) నెత్తి మీది నుంచి గీత గీసినట్టు పోవుడు మొదలైనయి. మ్యాచ్‌ల మూడో బ్యాటింగ్ వచ్చేసరికి ఎండకు, ఉరుకులాటకు పిల్ల సగం అలిసిపోయి ఉంటది, మన దిక్కు ఎండ సంగతి తెల్వనిదా, అప్పుడు కూడా ఇదే తిరగాలె కదా.

ఒకటి గమనించుండ్రి, దాని మీద 21 అని ఉంది, అనుమానమొచ్చి గల్లీల కిరాణా కొట్టు కాంటా మీద పెట్టించిన, 635 గ్రాములు చూపించింది, అంటే 22 ఔన్సులు దాటింది. గ్రిప్ మీద ఇంకో గ్రిప్ చుట్టి ఉండె, అది తీసేస్తే కొంత తగ్గింది. రాసిన నంబర్‌ను నమ్ముడు కాదు, కాంటా పెట్టుడే.

కాంటా కూడా పూర్తి సంగతి చెప్పదు. గొడ్డలి ఉంది అనుకోండ్రి, కాడ చివరన పట్టుకొని తిప్పితే బరువు, ఇనుము దగ్గర పట్టుకుంటే తేలిక, గొడ్డలి అదే. బ్యాట్ అంతే, కొన్నిట్ల బరువు కొసకు ఉంటది, కొన్నిట్ల మధ్యల సమానంగ ఉంటది, కాంటా మీద రెండూ ఒక్కటే, తిప్పితే రెండు వేరు. కొనే ముందు బ్యాట్‌ను ఒక్క వేలి మీద అడ్డంగ నిలబెట్టండ్రి, ఆగే చోటు బ్యారెల్ దిక్కు ఎంత దూరం జరిగితే అంత కొసబరువు. పదమూడేండ్ల లోపు పిల్లలకు కొసబరువు వద్దే వద్దు. పెద్ద బ్యాట్ తప్ప దిక్కు లేని స్కూళ్ళల్ల కూడా గొడ్డలి ఉపాయమే, నాబ్ (పిడి చివరన ఉండే గుండు) నుంచి రెండు మూడు ఇంచులు పైకి పట్టుకోమనాలె, 34 ఇంచులది 31 లెక్క అయితది. కిట్ మార్చనీకె పైసలు లేని చోట నేను పిల్లలకు ఇదే నేర్పిస్త.

నా అంచనా చెప్పాలంటే, పదేండ్ల లోపు 28, 29 ఇంచులు, డ్రాప్ 11 నుంచి 13. పదకొండు నుంచి పదమూడు దాకా 30 నుంచి 32, డ్రాప్ 10 లేదా 11. పద్నాలుగు దాటి రెండు మూడేండ్లు ఆడి ఉంటే 32, 33, డ్రాప్ 9 లేదా 10, బాగా బలమున్న పిల్లైతే 8. మీ పిల్ల సన్నగ ఉంటే వయసు చూడకుండ్రి, ఒక మెట్టు తేలికది తీస్కోండ్రి. బ్యాట్ ఒంటి చేతితోని పక్కకు చాపి పట్టుకొని అర నిమిషం ఉండమనండ్రి, ఇరవై లెక్కపెట్టక ముందే చెయ్యి వణికితే అది దాని బ్యాట్ కాదు.

ఆన్‌లైన్‌ల బేస్‌బాల్ బ్యాట్ అని చవకగ దొరికేవి, కార్లల్ల పెట్టుకునే కట్టె బ్యాట్లు, అవి మాత్రం కొనకుండ్రి. సాఫ్ట్‌బాల్‌ల బ్యారెల్ లావు రెండుంపావు ఇంచులు, పొడుగు 34 దాటొద్దు, బేస్‌బాల్‌వి చాలా వరకు అంతకన్న లావుంటయి, అంపైర్ పక్కన పెట్టిస్తడు. కాంపోజిట్ (కార్బన్ ఫైబర్ లాంటివి కలిపి చేసే) బ్యాట్లు మస్తు రేటు, ఈ వయసుకు అల్యూమినియం అల్లాయ్ చాలు.

అక్క అడిగిన రెండు మూడేండ్ల సంగతి ఎట్లంటే, పొడుగుల ఒక ఇంచు ముందుకు పోవచ్చు గానీ బరువుల పోవద్దు. 32 ఇంచులు డ్రాప్ 11 తీస్కుంటే అదే 21 ఔన్సులు, వచ్చే ఏడుకు కూడా నడుస్తది. మాకు ఆ సైజు స్టాక్ లేక 31 వచ్చింది. దసరా సెలవులకు ఇంటికి పోయినప్పుడు గోడకు నిలబెట్టి కొలుస్త, రెండు ఇంచులు పెరిగి, ఇరవయ్యో స్వింగ్ ఇట్లనే ఉంటే 32కు పోతం, ఇప్పటిది వాళ్ళ స్కూల్ కిట్‌ల ఏడో తరగతి పిల్లల కోసం పెట్టమని అక్కతోని ముందే మాట తీస్కున్న.